లేదు అనే మాట

కంగారు పడమాక అన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఉషశ్రీ నిజంగానే కంగారు పడేది కాదు. జగ్గయ్యపేట బస్టాండులో నందిగామ మీదుగా పోయే ఆర్డినరీ బస్సెక్కి, కిటికీ పక్కన సీటు దొరికి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక కూడా చెవిలో ఆ మాటే గింగురుమంటోంది. రిపోర్టు వచ్చిందంట, డాక్టర్ జీవరత్నంగారు ఫోన్ చేశారు, నువ్వేం కంగారు పడమాక, నందిగామ వెళ్ళి ఒకసారి కనపడు. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మొగుడు పొద్దున్నే బడికి ఫోన్ చేసి చెప్పిన కబురు ఇదీ! హెడ్మాస్టరుగారి గదిలో నిలబడి, ఆయన వింటున్నారని గొంతు తగ్గించి, ఏమన్నారండీ, ఉందన్నారా లేదన్నారా అని అడిగితే, అవతలి నుంచి తక్కెడ గొలుసులు కదిలిన చప్పుడూ, ఎవరో మినప్పప్పు ధర అడగడమూ వినిపించాయి గాని సమాధానం మాత్రం వినపడలేదు. అదే... ఏం... నువ్వు వెళ్ళు ఉషా, ఆవిడే చెప్తుందిగా, కొట్లో మనిషి నుంచున్నాడు, పెట్టేస్తున్నా. పెట్టేశాడు. తిరిగి చేద్దామంటే బడి ఫోనుకు తాళం, ఆ తాళంచెవి హెడ్మాస్టరుగారి జందేనికి. అడిగితే ఇచ్చేవారే. అడగలేదు. బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది, అక్కడా ఆగలేదు. అద్దాల గదిలో నిలబడి, బయట ఎవరో తొందరపెడుతుంటే ఆ మాట వినడం కంటే, బస్సులో కాసేపు తెలియకుండా కూర్చోవడమే నయమనిపించింది.

మనవాళ్ళకు చెడ్డ కబురు సూటిగా చెప్పే అలవాటు లేదు. నాన్న పోయిన రోజున రెడ్డిగూడెం నుంచి అన్నయ్య ఫోన్ చేసి, ఏం లేదమ్మాయ్, నాన్నకు కాస్త నలతగా ఉంది, నువ్వూ బావగారూ ఒకసారి బయల్దేరి రండి అన్నాడు. ఏం లేదు అని వినగానే ఆమెకు అర్థమైపోయింది. నిజంగా నలతే అయితే జ్వరం ఎంతుందో, ఏ మాత్ర వేశారో, చారు తాగాడో లేదో అన్నీ చెప్పేవాడు. మనిషి లేకుండా పోయినప్పుడే ఏం లేదంటారు. ఆ లెక్కన కంగారు పడమాక అన్న మాటకు వేరే అర్థం వెతుక్కోవాల్సిన పనే లేదు. పైగా ఈయన ఏం లేదు అని కూడా పూర్తిగా అనలేదు. ఏం అని ఆపేశాడు. ఏం తర్వాత ఏమిటి? ఏం చేస్తాం అనబోయాడా? ఏం రాత అనబోయాడా? ఏం లేదు అనబోయి, అబద్ధమాడలేక మింగేశాడా? బస్సు కదిలింది. ఏ కల్లంలోంచో ఎండుమిరపకాయల ఘాటు గాలిలో వచ్చి బస్సులో సగం మంది తుమ్మారు. ఆమెకూ తుమ్మొచ్చింది. బయల్దేరగానే తుమ్మేమిటి అనుకుని, బస్సంతా తుమ్మితే అది శకునం ఎట్లా అవుతుందిలే అని తనలో తనే నవ్వుకుంది. నవ్వు వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

నెల కిందట స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో వేళ్ళకు తగిలింది. తగిలీ తగలనట్టు, జారిపోతున్నట్టు. ఇంకొకరైతే ఏదో నరం పట్టిందనుకుని నీళ్ళు కుమ్మరించుకుని బయటికొచ్చేవారు. ఉషశ్రీ వేళ్ళు అట్లా ఊరుకోలేదు, ఎందుకంటే ఆ వేళ్ళకు డాక్టర్ జ్ఞానప్రసూనాంబగారు పాఠం చెప్పారు. ఊరూరా తిరిగి ఆడవాళ్ళను పోగుచేసి, గోధుమపిండి మెత్తగా కలిపించి, ఆ ముద్దలో ఎక్కడో ఒక కందిగింజ దాచి, వెతకండమ్మా అనేవారామె. వేలితో పొడవకూడదు, పిసకకూడదు, మూడు వేళ్ళు ఆనించి గుండ్రంగా తిప్పుకుంటూ పోవాలి, తొందరపడ్డవాళ్ళకు దొరకదు. వీరులపాడులో ఒక ముసలావిడ గింజ దొరకబుచ్చుకుని, ఇదిగో ఇక్కడుంది, మా కోడలికి దొరకలా అని చంకలు గుద్దుకుంది. డాక్టరుగారు పకపకా నవ్వి, ఇక ఆ పిండి అవతల పెట్టి ఇంటికెళ్ళి నీ ఒంటి మీద వెతుక్కో, ఏమన్నా దొరికితే దాచుకోకుండా నా దగ్గరికి పట్టుకురా అన్నారు. ఆ కందులు ఉషశ్రీ తమ కొట్లోంచి తెచ్చినవే. సెలవు రోజుల్లో ఆమెతో పాటు తిరిగేది, పిండి కలిపేది, టార్చిలైటు పట్టుకునేది. బళ్ళో సైన్సు చెప్పే మనిషికి ఆ తిరుగుడులో ఉన్న ఆనందం ఇంకెక్కడా దొరకలేదు. నెల కిందట గదిలో తలుపేసుకుని, తడి జుట్టుతో, మూడు వేళ్ళు ఆనించి గుండ్రంగా తిప్పి చూసుకుంది. దొరికింది. వెంటనే గుర్తొచ్చింది డాక్టరుగారే. దొరికిందమ్మగారూ అని చెప్పుకుందామంటే ఆమె నిరుడే వెళ్ళిపోయారు. నిద్రలోనే, గుండె ఆగి. జీవితమంతా దాంతో పోట్లాడా, అదేమో నా జోలికే రాలేదు చూడు, పిరికిది అని నవ్వేవారు.

చిల్లకల్లు దగ్గర బస్సు హైవే ఎక్కింది. రోడ్డు వెడల్పు చేస్తామని చెట్లకు సున్నంతో గుర్తులు వేశారు, సిమెంటు దుమ్ముకు ఆకులన్నీ ముసలివైపోయినట్టున్నాయి. వీరులపాడులోనే పుట్టారు ప్రసూనాంబగారు. పొగాకు పండించే ఇల్లు. చిన్నప్పుడు ఆమెను ఎత్తుకుని పెంచిన మేనత్త నోట్లో పుండు లేచింది. అత్త మొహానికి చెంగు చుట్టుకుని వెనక వసారాలో పడుకునేది. గంజి తీసుకెళ్ళి ఇచ్చే పని ఈ పిల్లది. అత్తకేమైంది అని అమ్మనడిగితే ఏం లేదు అంది, నాన్ననడిగితే ఏం లేదన్నాడు, ఊళ్ళో వైద్యుడు పంటిపోటు అన్నాడు. ఆడవాళ్ళు రాచపుండు అని గుసగుసలాడుకుని, ఈ పిల్ల రాగానే కూరల సంగతిలోకి దిగేవారు. ఒకరోజు అత్త చాప ఖాళీగా ఉంది. అప్పుడూ ఏం లేదనే అన్నారు. ఎవరూ నాకు అబద్ధం చెప్పలేదు ఉషా, ఏమీ చెప్పలేదంతే, ఆ ఏం లేదు అంటే ఏంటో తేల్చుకుందామనే డాక్టర్నయ్యా అనేవారు. చెప్పేటప్పుడు నవ్వేవారు కూడా. ఆ నవ్వు వెనక ఆ గంజి గిన్నె పట్టుకున్న పిల్ల కనిపించి ఉషశ్రీకి ఎప్పుడూ ఏడుపొచ్చేది.

విశాఖపట్నంలో వైద్యం చదివి, అక్కడే ఉద్యోగంలో చేరి, క్యాన్సర్ మీద పరిశోధన చేస్తానంటే పైవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారట. చుట్టను తిరగేసి, నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్ళు సముద్రం ఒడ్డు పల్లెల్లో ఇంటికొకరు ఉన్న రోజులవి. అడ్డపొగ అంటారు దాన్ని. ఆ పొగ సెగకు అంగిలి ఏమవుతుందో చూడాలని ఈమె పట్టు. ముసలమ్మల అంగిళ్ళ మీద పరిశోధనేంటమ్మా, గుండె మీద చెయ్యి, పేరొస్తుంది అని ఒక పెద్దాయన సలహా. గుండె మీద చెయ్యి వేసుకునే చెప్తున్నానండీ, నాకు అంగిలే కావాలి అన్నారట ఈమె. పల్లెల్లోకి వెళ్తే అసలు నోరు తెరిచిందెవరు? మొగ డాక్టర్లు వచ్చి నోళ్ళు తెరవమంటే తలుపులేసుకున్న ఆడవాళ్ళు ఈమెను చూసి కూడా చెంగులు అడ్డం పెట్టుకున్నారు. చూసి చూసి ఒకరోజు విసుగొచ్చి, ఇసకలో చతికిలబడి, టార్చిలైటు ఒకామె చేతిలో పెట్టి, ముందు నువ్వు నా నోరు చూడవే అని ఆ అని తెరిచారట. ఆమె చూసింది. పక్కామెను పిలిచింది. వాడ వాడంతా వరసలో నిలబడి డాక్టరమ్మ నోరు చూసింది, ఎక్కడ పిప్పిపన్ను ఉందో, ఎక్కడ పన్నే లేదో చెప్పుకుని నవ్వుకుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే కూర్చుని నోళ్ళు తెరిచారు. అప్పటినుంచి చివరిదాకా ఆమె పద్ధతి అదే. అవే నోళ్ళను ఏడాది తర్వాత ఏడాది చూశారు. చుట్ట మానిపించినవాళ్ళలో కొందరి అంగిలి మీది తెల్లమచ్చలు పల్చబడటం, మాసిపోవడం చూశారు. ఆ రోజు ఒడ్డున నిలబడి ఎవరూ వినకుండా గట్టిగా అరిచారట. అది కూడా వచ్చిన దారినే వెనక్కి పోతుంది ఉషా, మనం ముందుగా చూస్తే. ఆ సంగతి పైదేశాల పత్రికల్లో అచ్చయింది, సభలకు రమ్మని పిలిచారు, ఈమె వెళ్ళి మాట్లాడి, అక్కడ మజ్జిగ దొరకలేదని విసుక్కుంటూ తిరిగొచ్చారు.

రిటైరయ్యాక ఆమె విశాఖలో ఉండలేదు. తొంభై రెండో, తొంభై మూడో, నందిగామ వచ్చి బస్టాండు వెనక సందులో రెండు గదులు తీసుకుని చిన్న ఆసుపత్రి పెట్టారు. అందరి నోళ్ళూ చూశా, మా వాళ్ళ నోళ్ళే చూడలా అన్నారు. జీవరత్నం అప్పుడు కొత్తగా చదువు ముగించుకుని వచ్చి చేరింది. ఆమెకు సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడం ఎట్లాగో నేర్పినంత శ్రద్ధగా, మనిషి ముందు నిలబడి మాట చెప్పడం ఎట్లాగో కూడా నేర్పారు. ఆ గదుల్లో ఒక కట్టడి ఉండేది. ఏం లేదు అన్న మాట ఎవరి నోటా రాకూడదు. ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఏది ఉందో, ఏది లేదో దాని పేరుతో సహా చెప్పాలి. కుర్చీలోంచి లేచి, మొహం చూస్తూ చెప్పాలి. చెప్పాక ఆ మనిషి చేత తిరిగి చెప్పించాలి. తిరిగి చెప్పేటప్పుడు కదా తెలిసేది విన్నదీ లేనిదీ! ఉందని విన్నవాళ్ళు కూడా ఆ పేరు తమ నోటితో అన్నాక కాస్త నిటారుగా కూర్చోవడం ఉషశ్రీ చాలాసార్లు చూసింది. అట్లాంటి గదిలో పెరిగిన జీవరత్నం, ఈయనతో ఏం లేదని చెప్పి ఉండదు. పేరు పెట్టే చెప్పి ఉంటుంది. ఉందని చెప్పిందో, లేదని చెప్పిందో, ఈ మనిషి గొంతులోకి వచ్చేసరికి అది ఏం అయి కూర్చుంది.

"అమ్మాయ్, ఈ సంచి కాస్త నీ కాళ్ళ దగ్గర పెట్టుకుంటావా, కందిపప్పు, చిరిగిద్దేమోనని భయం" అంది పక్కన కూర్చున్న ముసలావిడ. పేరు అడక్కుండానే చెప్పింది, రత్తమ్మ. కీసర వెళ్ళాలి, పేటలో కూతురు దగ్గరికి వచ్చి పోతోంది. వెనక సీట్లో తిరుపతమ్మ తిరునాళ్ళకు పోతున్నవాళ్ళ పసుపు వాసన బస్సంతా ఉంది. పెనుగంచిప్రోలు దారి చీలే చోట వాళ్ళు దిగిపోయారు, బస్సు ఖాళీ అయి తేలిగ్గా పరిగెత్తింది. "నువ్వెందాకా?" అని అడిగింది రత్తమ్మ.

"నందిగామండీ. ఆసుపత్రికి."

"ఏ ఆసుపత్రి? మా డాక్టరమ్మ ఆసుపత్రేనా? ఆయమ్మ పోయిందిగా పాపం. మా ఊరొచ్చి నా నోట్లో లైటేసి చూసిందమ్మాయ్. ముందు తన నోరే చూపిచ్చింది. నేను చూసి, ఏందమ్మా నీకే దవడ పళ్ళు లేవు, నువ్వు నాకేం చెప్తావ్ అన్నా. ఆయమ్మ నవ్వలేక చచ్చిపోయింది. చుట్ట మానెయ్యవే రత్తమ్మా, నాలుగేళ్ళు ఎక్కువ తిట్టొచ్చు మీ ఆయన్ని అంది. ఆ మాట నాకు నచ్చింది. మానేసా." ఆగి, "ఆయన పోయాడు, ఇప్పుడు ఎవర్ని తిట్టాలో తెలవట్లా" అంది.

ఉషశ్రీకి ఆ ముసలావిడ నోరు చూడాలనిపించింది. ఆ నోట్లోకి లైటు పట్టుకున్నది తనే అయి ఉండొచ్చు. కీసరలో ఆ రోజు బడి వరండాలో వరసగా కూర్చున్న ఆడవాళ్ళలో ఎవరు ఎవరో ఇప్పుడు గుర్తు లేదు. ఈవిడ మాత్రం ఉంది, సంచిలో కందిపప్పుతో, మాట్లాడుతూ. డాక్టరుగారి గొప్ప అంతా ఏ పత్రికలో ఉందో ఉషశ్రీకి తెలియదు గాని, పక్క సీట్లో మాత్రం ఇట్లా కూర్చుని మాటలతో చంపుకు తింటోంది. ఆ తలంపుకు ఒళ్ళు కాస్త వెచ్చబడ్డట్టయింది. రత్తమ్మ ఇంకా చెబుతోంది. "ఈ పప్పు కోసం ఎన్నిసార్లు తిప్పాడనుకున్నావ్ ఆ కొట్టాయన! వరప్రసాదరావు కొట్టని మెయిన్ బజార్లో ఉందిలే. ఈ రకం పప్పుందా అంటే లేదని చెప్పడు. రేపొస్తదండీ అంటాడు. రేపొస్తే ఎల్లుండి అంటాడు. లేదంటే ఆయన సొమ్మేం పోయింది?"

ఆ వరప్రసాదరావు తన మొగుడేనని ఉషశ్రీ చెప్పలేదు. చెప్పుకునే సందర్భమా ఇది! కాని నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరగాల్సి వచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో వంటింట్లో డబ్బా మూత తీసి, అత్తయ్యగారూ బియ్యం లేవు అని పైకి అరిచింది. ఆ ఇంట్లో అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అత్తగారు కమలాంబ వచ్చి, కోప్పడకుండా, చెవి దగ్గర చెప్పింది. లేవు అనకూడదమ్మా, నిండుకున్నాయి అనాలి, దీపం ఆరిందనకూడదు కొండెక్కిందనాలి, మంగళసూత్రం తెగిందనకూడదు పెరిగిందనాలి, మనం వ్యాపారం చేసుకునేవాళ్ళం, లేదు అన్న మాట మన నోట రాకూడదు. కమలాంబగారు కాలం చేశాక కూడా కొడుకు ఆ కట్టడి తప్పలేదు. అందులోనూ పొద్దున బోణీ కాకముందు ఆ మాట చెవిన పడినా మొహం మాడ్చుకునేవాడు. ఒకసారి ప్రసూనాంబగారే కొట్టుకు వచ్చారు.

"పటికబెల్లం ఉందా రావుగారూ?"

"రేపు సాయంత్రానికి వస్తుందండీ."

"ఇప్పుడుందా?"

"మంచి పాతబెల్లం ఉందండీ, చూపించమంటారా?"

"నేనడిగింది పటికబెల్లం. ఉందా, లేదా?"

"నిండుకుందండీ."

ఆమె పక్కనున్న బస్తా మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. మీరు బెల్లం అమ్ముతున్నారు కాబట్టి సరిపోయింది, డాక్టరయ్యుంటే నా గతేం కాను అన్నారు. మా పనిలో లేదు అన్నదానికి మించిన శుభమైన మాట ఇంకోటి ఉండదు రావుగారూ, ఎప్పటికైనా మీ నోట అది అనిపిస్తా చూస్తుండండి అన్నారు. ఆయన నవ్వి, కాసిని కందులు పొట్లం కట్టి, ఊళ్ళు తిరిగేందుకు పనికొస్తాయని ఇచ్చాడు. మంచివాడే. మంచివాడే గాని ఆ నోరు ఏమిటో.

ఉషశ్రీ ఒక్కసారి నిటారుగా కూర్చుంది. ఉంది అన్న మాట ఆయన రోజుకు వందసార్లు అంటాడు. ఉంది అనడానికి ఆయన ఎన్నడూ తడబడలేదు. ఇవాళ తడబడ్డాడు. కొట్లో మనిషి నుంచున్నాడన్నాడు, తక్కెడ గొలుసులు కదులుతున్నాయి, అది బోణీ వేళ. అంటే... ఆ ఆలోచన ఎంత తీపిగా వచ్చిందో అంత గబుక్కున దాన్ని తోసేసింది. తోసెయ్యకపోతే ఆశ పడుతుంది, ఆశపడ్డాక కాదంటే తట్టుకోవడం కష్టం. ఫోన్లో అవతల ఉన్నది బెల్లం కొనేవాడు కాదు, పెళ్ళాం. పెళ్ళానికి నీకా జబ్బు ఉంది అని ఎవరు మాత్రం కొట్లోంచి ఫోన్లో చెప్పగలరు? బోణీ అయినా, కాకపోయినా ఆ మాట గొంతు దాటదు. అటు చూస్తే అటే నిజంలా ఉంది, ఇటు చూస్తే ఇటే నిజంలా ఉంది.

మొన్న సంవత్సరీకానికి నందిగామలో సంస్మరణ సభ పెట్టారు. దండలు, శాలువాలు, మైకు. ఒకరు ఆమె మహమ్మారిపై సమరం సాగించిన ధీర వనిత అన్నారు, ఇంకొకరు ప్రాణాంతక వ్యాధి అన్నారు, మూడో ఆయన ఆ భయంకర రుగ్మత అంటూ గొంతు వణికించారు. గంటన్నర సభలో క్యాన్సర్ అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. పటంలో ఉన్న డాక్టరుగారు అవన్నీ వింటూ నవ్వు బిగపట్టుకున్నట్టే కనిపించారు. ఉషశ్రీని కూడా మాట్లాడమన్నారు. లేచింది. కందిగింజ సంగతి చెబుదామనుకుంది. చెబుతుంటే తన ఒంట్లోని గింజ గుర్తొచ్చి, ఆ మాట దగ్గరికి రాగానే దాన్ని దాటేసి, ఆ జబ్బు అనేసి కూర్చుంది. జీవరత్నం అది కనిపెట్టింది. సభ అయ్యాక చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ఎన్నాళ్ళ నుంచి అని అడిగి, చూసి, అక్కడికక్కడే సూదితో కాస్త తీసుకుంది. నొప్పి పెద్దగా లేదు. నాలుగు రోజుల్లో చెప్తా అంది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఆయన ఎక్కువగా నవ్వాడు, అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చినప్పుడల్లా ఆమెకు భయమేసేది.

అనాసాగరం దాటింది బస్సు. రత్తమ్మ సంచి తన వైపు జరుపుకుని, "దిగు తల్లీ, మీ వాళ్ళకెవరికి బాగాలేదో, తగ్గిపోద్దిలే" అంది. ఉషశ్రీ తనకేనని చెప్పకుండా తలూపి దిగింది. సందు మలుపు తిరిగితే ఎప్పటిలాగే ఆసుపత్రి గోడ మీద ప్రసూనాంబగారు రాయించిన నీలం అక్షరాలు, చూపించుకోండి, దాచుకోకండి. నీలం వెలిసింది, అక్షరాలు నిలబడే ఉన్నాయి. బల్లల మీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. టీచరుగారూ అని ఎవరో పలకరించారు. ఆమెకు తన చెప్పుల చప్పుడు పెద్దగా వినిపించింది. లోపల జీవరత్నం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. పెట్టి, కుర్చీలోంచి లేచింది. లేచిందంటే చెప్పబోతోందన్నమాట. ఉందన్నా లేస్తారు, లేదన్నా లేస్తారు, డాక్టరుగారి పద్ధతి అంతే. ఉషశ్రీ బ్యాగు పట్టీని మెలిపెట్టి పట్టుకుంది.

"ఉషగారూ, మీకు క్యాన్సర్ లేదు" అంది జీవరత్నం.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మొదటిసారి వినిపించింది.

"గడ్డ ఉంది. క్యాన్సర్ లేదు. ఉన్నది ఉత్త కొవ్వుగడ్డ. ఆర్నెల్లకోసారి చూపించుకోండి, పెరిగితే తీసేద్దాం, పెరక్కపోతే దాని మానాన అది ఉంటది. ఇప్పుడు మీరు చెప్పండి, ఏం విన్నారు?"

ఉషశ్రీ నోరు తెరిచింది. సభలో దాటేసిన మాట దగ్గరే మళ్ళీ ఆగింది. జీవరత్నం తొందరపెట్టలేదు, నిలబడే ఉంది. కిటికీ దగ్గర ప్రసూనాంబగారి పాత టార్చిలైటు, ఇంకా వాడుతున్నట్టుంది, కొత్త గాజు బిగించి ఉంది. ముందు నా నోరు చూడవే. "నాకు" అంది ఉషశ్రీ. "నాకు క్యాన్సర్ లేదు." అనగానే కళ్ళు నిండిపోయాయి. అట్లాగే నవ్వింది. కుర్చీలో కూర్చుని, చెంగు మొహానికి ఒత్తుకుని, సిగ్గు లేకుండా ఏడ్చింది, ఎంత హాయిగా ఉందో ఆ ఏడుపు! జీవరత్నం మంచినీళ్ళు ఇచ్చింది. ఈ మంచినీళ్ళకు భయమెయ్యలేదు, గడగడా తాగేసింది.

"అదేంటి, రావుగారు చెప్పలేదా?" అంది జీవరత్నం ఆశ్చర్యంగా. "పొద్దున్నే మీ ఇంటికి చేస్తే మీరు బడికి వెళ్ళినట్టున్నారు, ఎవరూ ఎత్తలా. కొట్టుకు చేసా. క్యాన్సర్ లేదండీ, ముందు ఆ ముక్క ఆమెకు చెప్పండి, తర్వాత వీలు చూసుకుని రమ్మనండి అని రెండుసార్లు చెప్పా. తిరిగి చెప్పమన్నా కూడా. అట్టాగేనండీ, అట్టాగేనండీ అని పెట్టేశారు."

బయట ఎండ కాస్తోంది. వచ్చేటప్పుడు కూడా ఇదే ఎండ కాసి ఉంటుంది, కనపడలేదు. సోడాబండి, దారాల కొట్టు, రిక్షాలో మంచం, మంచం మీద మళ్ళీ ఒక ముసలాయన, అన్నీ ఎవరో కడిగి పెట్టినట్టున్నాయి. ఆమెకు ఆకలేసింది. నాలుగు రోజుల తర్వాత నిజమైన ఆకలి. వేడి వేడి ఇడ్లీ తినాలి, అల్లప్పచ్చడితో, రెండు కాదు నాలుగు. తొమ్మిదో తరగతి పిల్లలకు రేపు కణం పాఠం మొదలుపెట్టాలి, అందులో ఆ పేరు చెప్పాలి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయాలి. వచ్చే ఆదివారం రత్తమ్మ ఊరు వెళ్ళాలి, పిండి ముద్ద పట్టుకుని. డాక్టరుగారూ, లేదంట. విన్నారా, లేదంట. వినే ఉంటారు, వినకుండా ఎక్కడికి పోతారు? ఇడ్లీల సంగతి తర్వాత అనుకుని, సెంటర్లో కనిపించిన మొదటి ఎస్టీడీ బూత్‌లోకి వెళ్ళి, అద్దాల తలుపు వేసుకుని, కొట్టు నంబరు తిప్పింది. మొదటి మోతకే ఎత్తాడు. ఫోను పక్కనే కూర్చుని ఉన్నాడన్నమాట.

"నేనే" అంది.

"కనపడ్డావా? చెప్పిందా?"

"మీకు పొద్దున్నే చెప్పిందంటగా. నాకెందుకు చెప్పలా?"

"చెప్పాగా కంగారు పడొద్దని!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గింది. "బోణీ బేరం తూకంలో ఉంది ఉషా. ఎదురుగా మనిషి. ఆ మాట నోటిదాకా వచ్చింది, రాలా. అమ్మ గుర్తొచ్చింది. నీకు అర్థమవుద్దిలే అనుకున్నా. నువ్వు బస్సెక్కాక తెలిసింది నేనేం చేసానో. బడికి చేస్తే వెళ్ళిపోయిందన్నారు. అప్పట్నుంచీ ఇక్కడే కూర్చున్నా, అన్నం కూడా తినలా."

తిట్టాలని తయారుచేసుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. ఈ మనిషికి ఇరవై రెండేళ్ళలో మొదటిసారి లేదు అన్న మాట బంగారమై దొరికితే, దాన్ని కూడా మింగి కూర్చున్నాడు. పాపం, మింగింది అరిగినట్టు కూడా లేదు.

"ఇప్పుడు చెప్పండి" అంది.

"ఏమని?"

"ఉందా, లేదా?"

అవతల తక్కెడ చప్పుడు ఆగింది. ఎవరో మెట్టెక్కిన అలికిడి. రావుగారూ, పటికబెల్లం ఉందా అని ఒక గొంతు. ఆమె ఊపిరి బిగబట్టి వింది. ఆయన ఊపిరి కూడా వినిపించింది, ఒకసారి లోపలికి పీల్చుకోవడం. తర్వాత కొట్టంతా, బజారంతా వినపడేట్టు అన్నాడు.

"లేదు!"

"లేదా? మీ కొట్లోనా?" అన్నాడు ఆ వచ్చినాయన, దెబ్బ తిన్నట్టు. మెట్టు దిగిపోతున్న చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఏవండీ, మొన్న దిగిన పటికబెల్లం బస్తా అట్లాగే ఉందిగా!" అంది ఉషశ్రీ. "ఆయన వెళ్ళిపోతున్నాడు."

"పోనీ" అన్నాడు. ఏడుస్తున్నాడు. "లేదు ఉషా. లేదు, లేదు."